వీడియో బాగానే ఉంది.. బ్రౌజరే మొరాయిస్తోంది!

పెళ్లయిపోయింది. చుట్టాలు రేపు పొద్దున్నే ఊళ్లకు బయల్దేరుతున్నారు. ఈలోగా అయిదు నిమిషాల వీడియో చేసివ్వాలి. ఫోన్లో తీసిన ముక్కల్ని ఎడిటింగ్ వెబ్‌సైట్లో వేస్తే.. మేళం వినిపిస్తోంది, బొమ్మ మాత్రం నల్లగా! హోసూరైనా, బళ్లారైనా, బరంపురమైనా చిన్న స్టూడియోలవారికి ఈ తిప్పలు తప్పవు. కొత్త కంప్యూటర్ కొనాలేమోనని బెంగ పడొద్దు. ముందు ఈ సంగతులు చూసుకోండి.

బొమ్మ ఎందుకు రాదు?

2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు వీడియోను హెచ్ఈవీసీ పద్ధతిలో దాస్తున్నాయి. ఫైలు చిన్నదవుతుంది గానీ అన్ని బ్రౌజర్లకూ అది మింగుడుపడదు. క్రోమ్‌కు ఈ విద్య 2022లో అబ్బింది. అదీ కంప్యూటర్లోని గ్రాఫిక్స్ చిప్ సహకరిస్తేనే! అందుకే పెళ్లికి వెళ్లే ముందే ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకోవాలి. ఇప్పటికే తీసేశారా? ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌తో హెచ్.264లోకి మార్చుకుంటే సరి.

పాత విండోస్‌తో పేచీ

వీడియోను బ్రౌజర్లోనే చకచకా విప్పి, కూర్చే 'వెబ్‌కోడెక్స్' సదుపాయం క్రోమ్‌లో 2021లో వచ్చింది. సఫారీలో 2023లో, కంప్యూటర్ ఫైర్‌ఫాక్స్‌లో 2024లో అడుగుపెట్టింది. విండోస్ 7 ఉన్నవారికి క్రోమ్ 2023 జనవరి నాటి 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. ఎన్నిసార్లు అప్‌డేట్ నొక్కినా ఫలితం ఉండదు. కొత్త విండోస్ వేయించుకోవాలి, లేదా ఇన్‌స్టాల్ చేసుకునే ఎడిటర్ వాడుకోవాలి. ఇక ఐఫోన్‌లో సఫారీ పనిచేయలేదని క్రోమ్ దించుకున్నా ప్రయోజనం లేదు. మన దేశంలో ఐఫోన్ బ్రౌజర్లన్నిటికీ లోపల ఉన్నది సఫారీ ఇంజనే. ఐఓఎస్ అప్‌డేట్ చేసుకోవడమే మార్గం.

వత్తులు జాగ్రత్త!

ఎక్కడ స్థిరపడినా వధూవరుల పేర్లు తెలుగులో పడాలనే కదా మనవాళ్ల ముచ్చట. తెర మీద 'లక్ష్మి' చక్కగానే కనిపిస్తుంది. తీరా వీడియో దించుకుంటే వత్తు విడిపోయి పక్కకు జరిగి ఉంటుంది. కొన్ని టూల్స్‌లో చివరి వీడియో మీ బ్రౌజర్లో కాకుండా వాళ్ల సర్వర్లో తయారవుతుంది. అక్కడ తెలుగు అక్షరాలను కలిపే ఏర్పాటు లేకపోతే ఇంతే సంగతులు. పేర్లను ఫొటోగా చేసి అతికిస్తే ఈ బెడద ఉండదు.

అన్నిటికన్నా తేలికైన ఉపాయం ఒకటుంది. పని మొదలెట్టే ముందు ఒక ముక్క, ఒక పాట, ఒక తెలుగు పేరు కలిపి పది సెకన్ల వీడియో చేసి దించి చూడండి. అది సరిగ్గా వస్తే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. రాకపోతే పోయేది పది సెకన్లే.. రాత్రంతా చేసిన కష్టం కాదు!