మస్టర్ రోలు దగ్గర మొదలయ్యే చదువు

పనిలోంచి తీసేసిన కార్మికుడి కేసు నడపాలంటే ముందు తెలియవలసింది ఏ గడప తొక్కాలన్నది. అమలాపురం కోర్టు చేరువలో ఉందని అక్కడ సివిల్ దావా వేస్తే, తిరిగి పనిలోకి తీసుకోమన్న ఉత్తర్వు మామూలుగా రాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఆ అధికారాన్ని లేబర్ కోర్టులకు ఇచ్చింది. కోనసీమలో పీచు మిల్లు, రొయ్యల ప్లాంటు తగాదాలు రాష్ట్ర కార్మిక శాఖకు వెళ్తే, చమురు క్షేత్రాలవి కేంద్రం పరిధిలోకి వస్తాయి. దరఖాస్తు వేరే చోట పడితే నెలలు వృథా అవుతాయి.

ఆ నెలల విలువ ఇప్పుడు పెరిగింది. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి రావడంతో, తొలగింపుపై ట్రిబ్యునల్‌కు వెళ్ళే గడువు 3 ఏళ్ళ నుంచి 2 ఏళ్ళకు తగ్గింది. ముందు రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వడం, 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్ళడం మాత్రం పాత పద్ధతే.

లా కాలేజీలో కార్మిక చట్టం ఉంటుంది, డ్రాఫ్టింగ్, మూట్ కోర్టు వంటి ప్రాక్టికల్ పేపర్లూ ఉంటాయి. మూట్ కోర్టులో వాదన అలవడుతుంది గానీ ఫైలు కట్టడం రాదు. లేబర్ కేసు నిలిచేది ఫైలు మీదే.

పీచు మిల్లు కార్మికుడి ఫైలే తీసుకోవచ్చు. 12 నెలల్లో 240 రోజులు పనిచేసినవాణ్ణి అవసరం లేదని తీసేయాలంటే నెల నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి, సర్వీసులో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కట్టాలి. అన్ని రోజులు పనిచేశానని నిరూపించే భారం కార్మికుడిదేనని 2002లో హదిమాని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నియామకపు కాగితమే లేనివాడు ఏం చూపించగలడు? 2005లో ఎల్లట్టి తీర్పు దారి చూపింది. కార్మికుడు బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. మస్టర్ రోళ్ళు, జీతాల రిజిస్టర్లు యజమాని చేత తెప్పించమని కోరాలి. నేర్చుకునేవారు చేత్తో రాసి చూడవలసిన పిటిషన్ అది. వానల్లో పీచు ఆరక పని ఆగే రోజులుంటాయి కనుక ప్రతి రోజూ విలువైనదే. జీతమిచ్చే సెలవులు, ఆదివారాలు ఆ 240లో కలుస్తాయని 1985 నాటి అమెరికన్ ఎక్స్‌ప్రెస్ తీర్పు. ఈ లెక్క మరిచి ఓడిపోవడం బాధాకరం.

క్రమశిక్షణ కేసుల తీరు వేరు. 2020 జనవరి 1న సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యేదాకా ఆర్టీసీ కండక్టర్ల తొలగింపులు లేబర్ కోర్టులకు వెళ్ళేవి. ఆ పాత తీర్పులు నేటికీ మంచి పాఠాలు. ప్రయాణికులను విచారించలేదన్న ఒక్క కారణంతో శాఖాపరమైన విచారణ చెల్లకుండా పోదని 1977లో రతన్ సింగ్ కేసు తేల్చింది. క్రిమినల్ కేసుకు అలవాటుపడిన కొత్త వకీలు తడబడేది ఇక్కడే. ఛార్జిషీటు స్పష్టంగా ఉందా, కాగితాల నకళ్ళు ఇచ్చారా, క్రాస్‌కు అవకాశం దొరికిందా అన్నవి చూడాలి. అవన్నీ సవ్యంగా ఉన్నా, తప్పుకు మించిన శిక్షను తగ్గించే అధికారం 1971 సవరణతో కోర్టుకు దక్కింది.

పాత చట్టంలో వకీలు లేబర్ కోర్టులో నిలబడాలంటే ఎదుటి పక్షం ఒప్పుకోవాలి, కోర్టు అనుమతీ కావాలి. రాజీ దశలో వకీలుకు చోటే లేదు. యూనియన్ నాయకులకూ ఈ విద్య అవసరమైంది అందుకే.

క్లెయిమ్ స్టేట్‌మెంట్‌లో తరచూ జారిపోయే వాక్యం ఒకటుంది: తీసేశాక తనకు మరో చోట సరైన సంపాదన లేదని కార్మికుడు చెప్పుకోవడం. 2013 నాటి దీపాలీ సుర్వసే తీర్పు ప్రకారం ఆ మాట చెబితే, కాదని నిరూపించే భారం యజమాని మీద పడుతుంది. చెప్పకపోతే పాత జీతం బకాయి చేజారవచ్చు.