దస్త్రాల గదిలో కులం

ప్రభుత్వ దస్తావేజులు నిష్పాక్షికమైనవని మనకు నేర్పారు. కుప్పం ప్రాంతపు భూమి చరిత్రను వెదికేవారి ముందు ఆ మాట నిలవదని నా అభిప్రాయం. ఏ కాగితం దాచాలో శిస్తు అవసరం నిర్ణయించింది; ఆ కాగితంపై ఎవరి పేరు ఎక్కాలో చాలావరకు కులం నిర్ణయించింది.

మద్రాసు ప్రభుత్వం 1909లో తన పాత కాగితాలను ఎగ్మూరు రికార్డు ఆఫీసుకు చేర్చింది. అక్కడి వరుస కార్యాలయాల వరుస: రెవెన్యూ బోర్డు, కలెక్టరేట్లు, సంవత్సరాలు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు మదనపల్లె కడప జిల్లా నుంచి, పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి చేరాయి. అందువల్ల ఈ ప్రాంతపు గతం రెండు పాత జిల్లాల కట్టల మధ్య చీలిపోయింది. కుప్పం ఉన్న కంగుందిలోనైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా జమీందారు లెక్కలే ఆధారం.

గ్రామంలో అడంగల్, చిట్టా రాసినవాడు కరణం. 1984లో రద్దయ్యేదాకా అది వంశపారంపర్యంగా, ప్రధానంగా అగ్రవర్ణాల చేతిలో ఉన్న పదవి. పట్టాదారుకు ఒక గడి ఉంది. ఆ నేలను దున్నిన మాల, మాదిగ కూలీకి గడి లేదు. వెట్టి ఈనాము లెక్కల్లో తప్ప అతడు కనిపించడు.

అలాగని ఈ దస్త్రాలను వదులుకోలేము. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ నివేదిక మీద 1892లో పంచములకు భూమి కేటాయించాలన్న ఉత్తర్వు వచ్చింది. ఆ భూములపై నేడు దళితులు అడుగుతున్న హక్కుకు ఆధారం ఆ కాగితమే. రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరుండవలసిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములకోసం 2017లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఆ చుక్కల వెనుక సాగుదారులున్నారు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో భూమి దస్త్రాలు అగ్నికి ఆహుతయ్యాయి. కారణమేదైనా, కాగితమొక్కటే ఆధారమైన పేదకు అది తీరని నష్టం. ధనికుడి వద్ద నకలు ఉంటుంది, వకీలు ఉంటాడు.

కనుక మూడు పనులు జరగాలి. మండల కార్యాలయాల్లోని రిజిస్టర్ల ప్రతులు అందరికీ ఉచితంగా అందాలి. చెన్నైలోని చిత్తూరు, కడప, ఉత్తర ఆర్కాటు కట్టల సూచిక తెలుగులో తయారై కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో ఉండాలి. గడి దక్కనివారి వాంగ్మూలాలను సేకరించి ఆ కట్టల పక్కనే భద్రపరచాలి. ఈ పనికి విద్యార్థులు ముందుకు రావాలి. ఖర్చు ప్రభుత్వం భరించాలి.