చెవి మిషనుకు తోడు ఒక చిన్న మైకు

"చెవి మిషను కొన్నాం డాక్టరుగారూ! అయినా లాభం లేదు. నాన్నగారు దాన్ని బీరువాలో పెట్టేశారు." ఆస్పత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగంలో పనిచేసే వైద్యులు తరచుగా వినే మాట ఇది. కాస్త వివరంగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఎదురుగా కూర్చుని ఒక్కరే మాట్లాడితే పెద్దాయనకు బాగానే వినిపిస్తుంది. పెళ్ళిపందిట్లో, పురాణ కాలక్షేపంలో, నలుగురూ కూర్చున్న వసారాలో మాత్రం ఏమీ అర్థం కాదు. "గోల వినిపిస్తుంది గాని మాట తెలియదు" అంటారాయన. ఆయన చెప్పేది అక్షరాలా నిజం.

ఎందుకిలా జరుగుతుంది?

వయసుతో వచ్చే చెవుడులో సాధారణంగా ముందు తగ్గేది సన్నని ధ్వనులను వినే శక్తి. మాటలో అచ్చుల ధ్వని బలమైనది కనుక చెవిన పడుతుంది. క, త, ప, స వంటి హల్లులు జారిపోతాయి. అప్పుడు 'పాలు' అన్నా, 'కాలు' అన్నా, 'తాలు' అన్నా ఒకేలా తోస్తుంది.

దీనికి దూరం తోడవుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా మాట బలం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో ఉన్న మనిషి నాలుగు మీటర్ల దూరం జరిగితే 12 డెసిబెల్స్ తగ్గినట్లే. గదిలో అంతగా తగ్గకపోయినా, గోడల ప్రతిధ్వని మాటను అలికేస్తుంది. నెత్తిమీది ఫాను చప్పుడు, వీధిలోని ఆటోల రొద మాత్రం అలాగే ఉంటాయి. చెవి మిషను మైకు చెవి దగ్గరే ఉంటుంది గనుక మాటతోపాటు ఆ రొదనూ పెంచి వినిపిస్తుంది. నేటి డిజిటల్ మిషన్లు రొదను కొంత అణచగలవు గాని, దూరం నుంచి వచ్చే మాటను పూర్తిగా విడదీయలేవు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లని సామెత. శంఖాన్ని ఇంకా గట్టిగా ఊదడం దీనికి మందు కాదు. మైకును మాట్లాడేవారి నోటి దగ్గరకు చేర్చడమే ఉపాయం.

వైర్‌లెస్ మైకు ఎలా పనిచేస్తుంది?

ఇందులో రెండు భాగాలుంటాయి. మాట్లాడేవారు మైకున్న చిన్న ట్రాన్స్‌మిటరును మెడలో వేసుకుంటారు, లేదా దుస్తులకు తగిలించుకుంటారు. అది మాటను రేడియో తరంగాలుగా పంపుతుంది. వినేవారి దగ్గరున్న రిసీవరు వాటిని అందుకుని చెవికి చేరుస్తుంది. పాత రకాలు ఎఫ్.ఎం. పద్ధతిలో పనిచేస్తాయి. కొత్తవాటిలో ఎక్కువ భాగం డిజిటల్. మాట్లాడేవారు గదికి ఆ చివర ఉన్నా, చెవి పక్కనే ఉండి చెప్పినట్లు వినిపిస్తుంది.

చెవి మిషను లేనివారు రిసీవరుకు ఇయర్‌ఫోన్ తగిలించుకోవచ్చు. మిషను ఉన్నవారికి రెండు మార్గాలున్నాయి. కొన్ని మిషన్లు మైకు పంపే మాటను నేరుగా అందుకుంటాయి. 'టి' స్విచ్ ఉన్న మిషనైతే మెడలో తీగ హారంవంటి లూపు వేసుకుంటే చాలు. గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు లూపు వాడేముందు తమ డాక్టరును తప్పక అడగాలి.

వాడేటప్పుడు గుర్తుంచుకోండి

1. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. మంగళసూత్రం, గొలుసులు, పమిటచెంగు దానికి రాసుకుంటే ఆ చప్పుడే పెద్దదై వినిపిస్తుంది.

2. నలుగురు మాట్లాడుకునేచోట మైకు చేతులు మారాలి. ఎవరు మాట్లాడితే వారి దగ్గర ఉండాలి. అన్ని వైపుల మాటనూ అందుకుని బల్లమీద పెట్టుకునే రకాలూ ఉన్నాయి.

3. చాలా మిషన్లలో 'టి' మీద పెడితే మిషను సొంత మైకు ఆగిపోతుంది. అప్పుడు తలుపు తట్టినా, వెనుక బస్సు హారను మోగినా వినిపించదు. రోడ్డుమీదికి వెళ్ళేటప్పుడు మామూలు స్థానానికి మార్చుకోవాలి. రెండూ కలిసి పనిచేసే 'ఎం.టి.' స్థానం ఉంటే ఇంట్లో అది మేలు.

4. టీవీ చూసేటప్పుడు మైకును టీవీ స్పీకరు దగ్గర పెట్టండి. పెద్దవారికి మాట తెలుస్తుంది. పక్కగదిలో చదువుకునే పిల్లలకూ ఇబ్బంది ఉండదు.

5. పని కాగానే మైకు ఆపేయండి. అది వేసుకుని వంటింట్లోకి వెళ్ళి మాట్లాడుకునే గుట్టు హాల్లో కూర్చున్నవారికి చేరుతుంది!

6. రాత్రి పడుకునేముందు రెండు భాగాలనూ చార్జింగుకు పెట్టడం అలవాటు చేసుకోండి.

బడిలో పిల్లలు

వినికిడి తక్కువైన పిల్లలకు ఈ సాధనం మరీ అవసరం. పెద్దలు జారిపోయిన మాటను సందర్భాన్ని బట్టి ఊహించుకోగలరు. భాష నేర్చుకుంటున్న పిల్లవాడికి ఆ వీలు లేదు. టీచరు బోర్డువైపు తిరిగి చెప్పిన పాఠం వాడికి అందదు. నాలుగుసార్లు తప్పు జవాబు చెబితే 'మొద్దు' అనే పేరు పడుతుంది. టీచరుగారు మైకు మెడలో వేసుకోవాలి. మిగతా పిల్లలు చెప్పిన జవాబులను తాము మళ్ళీ ఒకసారి పలకాలి. మైకు ఉన్నా పిల్లవాణ్ణి ముందు బెంచీలోనే కూర్చోబెట్టాలి.

కొనేముందు

మొదట చెవి పరీక్ష చేయించుకోండి. గులిమి గట్టిపడినా, చెవిలో చీము కారుతున్నా, కర్ణభేరికి రంధ్రం పడినా చికిత్స ఉంది. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకపోతే అది అత్యవసరం; ఆ రోజే డాక్టరును కలవండి. ఆడియోగ్రామ్ తీయించకుండా ప్రకటనలు చూసి ఏ యంత్రమూ కొనవద్దు. హైదరాబాదు కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆస్పత్రులున్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. 1981లో మొదలైన కేంద్ర ప్రభుత్వ 'అడిప్' పథకం కింద ఆదాయ పరిమితికి లోబడినవారికి చెవి మిషన్లు ఇస్తారు.

ఒక కంపెనీ మైకు మరో కంపెనీ మిషనుతో కలవకపోవచ్చు. అందువల్ల మీ మిషను వెంట తీసుకువెళ్ళి, రొద ఉన్నచోటనే పరీక్షించి చూడండి. కొన్ని స్మార్ట్‌ఫోన్లను మాట్లాడేవారి ముందు పెట్టి, వాటికి సరిపడే ఇయర్‌ఫోన్లతోనో చెవి మిషనుతోనో వినవచ్చు. ఖర్చు పెట్టలేనివారు ముందు అది ప్రయత్నించవచ్చు.

చివరిగా ఇంట్లోవారికి ఒక మాట. మైకు ఎంత మంచిదైనా, దాన్ని వేసుకోవలసినది మీరు. "కాస్త ఇది పెట్టుకుని మాట్లాడు నాయనా" అని ప్రతిసారీ అడగడానికి పెద్దవారు మొగమాటపడతారు. నాలుగు రోజులు అడిగి, ఆ తరువాత ఊరుకుంటారు. క్రమంగా మాటలే తగ్గించుకుంటారు. వారు అడిగేదాకా చూడకండి. భోజనానికి కూర్చునేటప్పుడు మంచినీళ్ళ చెంబుతోపాటు మైకు కూడా మీరే తెచ్చి పెట్టుకోండి.