తోడులోని సూక్ష్మజీవులు

వాడరేవు ఇసుకతిన్నెలపై చేపలను చీల్చి, ఉప్పు పట్టించి, ఎండలో పరచుట మనలో చూడనివారుండరు. పగలు చేపలు పరచిన గృహిణియే రాత్రివేళ గోరువెచ్చని పాలలో కొంచెము పెరుగు కలిపి మూతవేసి యుంచును. ఈ రెండు పనులును సూక్ష్మజీవులతోడి వ్యవహారములే. చేపలదగ్గరకు ఆమె వానిని రానీయదు. పాలలోనికి తానే పిలుచును. సూక్ష్మజీవి యనగానే కలరాను, టైఫాయిడును తలంచి భయపడు మనము ఈ పిలుపు సంగతి కొంత విచారింపవలసి యున్నది.

ఉప్పును, ఎండయు చేపలోని నీటిని లాగివేయును. నీరు చాలనిచోట బాక్టీరియా వృద్ధిపొందజాలవు గనుక చేప కుళ్లదు. పాల కథ వేరు. కాచినప్పుడు పాలలోని సూక్ష్మజీవులలో హెచ్చుభాగము నశించును. చల్లారి 40 డిగ్రీలకు దిగిన పిమ్మట వేసిన తోడు, కలుపు తీసిన మడిలో విత్తనము చల్లినట్లు పనిచేయును. అందలి లాక్టిక్ బాక్టీరియా పాలలోని చక్కెరను తిని లాక్టికామ్లమును విడుచును. పులుపు హెచ్చినకొలది కేసీన్ అను మాంసకృత్తు గడ్డకట్టును, అదియే పెరుగు. మరుగుచున్న పాలలో తోడు వేసినచో విత్తనమే ఉడికిపోవును. చలికాలమున చల్లబడిన పాలలో వేసినచో తెల్లవారినను పాలు పాలుగానే యుండును. అందుచేతనే పెద్దలు ఆ దినములలో గిన్నెను గుడ్డతో చుట్టి పొయ్యిదాపున నుంచిరి. ఉష్ణమాపకము లేకయే చిటికెనవ్రేలు ముంచి వారు చేయు పరీక్ష నాకెంతయు మెచ్చదగినదిగా తోచును.

పులుపు కారణముగా చెడ్డ సూక్ష్మజీవులలో పెక్కు పెరుగునందు సులభముగా వృద్ధిపొందవు. పాలచక్కెర కొంత తరిగిపోవుటచే, పాలు పడనివారిలో కొందరికి పెరుగు పడును. ఈ పులియుట ప్రాణులు చేయు పనియని ఫ్రాన్సు దేశపు పాస్టరు 1857లో ప్రకటించెను. ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగుటకును ఇట్టి బాక్టీరియాయే ముఖ్యకారణము.

తోడులోనివానికి దగ్గరి చుట్టమైన బాక్టీరియా యొకటి మన తెలుగువాని పరిశోధనకు గొప్ప సాయము చేసినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలు నడిపిరి. లాక్టోబాసిల్లస్ కేసీ అను బాక్టీరియా ఒకానొక విటమిను లేనిదే పెరుగదు. కాబట్టి ఒక పదార్థములో ఆ విటమిను కలదో లేదో ఆ ప్రాణినే యడుగవచ్చును: పెరిగినచో కలదు, పెరుగనిచో లేదు. కంటికి కనబడని వస్తువును కంటికి కనబడని ప్రాణిచే వెదకించుట ఎంత చమత్కారము! ఈ విధముగా కాలేయమునుండి దానిని వేరుచేసి, 1945లో ఆయన బృందమువారు కృత్రిమముగా తయారుచేసిరి. అదియే ఫోలికామ్లము. సుబ్బారావుగారి సోదరుని బలిగొన్న సంగ్రహణికి నేడు వాడు మందులలో నిదియొకటి. రక్తహీనతగల వారిలో పలువురికిని, గర్భము ధరింపనున్న స్త్రీలకును వైద్యులు దీనినే యిత్తురు. ఏలయన గర్భస్థశిశువు వెన్నుపాము సరిగా నేర్పడుటకు ఇది యావశ్యకము.

అదే ప్రయోగశాలలనుండి 1948లో ఆరియోమైసిన్ అను మందు వెలువడెను. మంటిలో నివసించు బాక్టీరియా యొకటి దానిని తయారుచేయును. ఒక బాక్టీరియా పుట్టించిన మందు ఇతర బాక్టీరియాను చంపునన్నమాట. అయితే ఇట్టి మందులకు మిత్రులెవరో శత్రువులెవరో తెలియదు. మన ప్రేగులలో లెక్కింపరాని బాక్టీరియా కాపురముండి, మనకు జీర్ణముకాని పీచును విడగొట్టుచు, కె విటమినును తయారుచేయుచున్నవి. రోగక్రిములతోపాటు అవియు చచ్చుటచే, ఈ మందులు మ్రింగిన కొందరికి విరేచనములగును. జలుబు చేసినప్పుడెల్ల అంగడిలో నడిగి తెచ్చుకొని మ్రింగుట నిజముగా తెలివితక్కువ పని.

పెరుగు తినువారు నూరేండ్లు బ్రదుకుదురని కొందరందురు. నేను నమ్మను. బిడ్డకు విరేచనములైనప్పుడు మొదట కావలసినది ఉప్పు పంచదార సరిపాళ్లలో కలిపిన కాచిన నీరు, పెరుగు కాదు. మజ్జిగలో పోయు నీరు మురికిదైనచో తోడులోని బాక్టీరియా దానిని శుద్ధిచేయజాలవు. తోడు నిండుకొన్న యింటివారు ప్రక్కయింటికి చిన్న గిన్నె పంపుట మన వాడుక. ఆ గిన్నె కడిగిన నీరు ఎక్కడిదో కూడ చూచుకొనవలెను.