పాత ఎమ్.జి.బి.కి బ్రేకు పార్టులు

పాత కోడుని మరమ్మతు చెయ్యడం మనలో చాలామందికి అలవాటైన పనే. యాభై ఏళ్ళు దాటిన కారుకి బ్రేకులు బాగుచెయ్యడమూ ఇంచుమించు అలాంటిదే. కాకపోతే ఇక్కడ క్రాష్ అయితే రీబూట్ ఉండదు.

నాది 1972 నాటి ఎమ్.జి.బి. జి.టి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరున్న ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా ఎమ్.జి.బి.లు తయారయ్యాయి. ముందు చక్రాలకి డిస్కులు, వెనక వాటికి డ్రమ్ములు. అమెరికాకి పంపిన బళ్ళకి 1968 మోడల్ నుంచి రెండు బ్రేకు సర్క్యూట్లు పెట్టారు. నా బ్రిటిష్ బండికి నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే. ఒక్క గొట్టం పగిలితే ఇక మిగిలేది హ్యాండ్‌బ్రేకే! పైగా 2018 మే నుంచి, నలభై ఏళ్ళు దాటి పెద్ద మార్పులేవీ చెయ్యని కార్లకి ఇక్కడ ఏటేటా చేసే ఎమ్.ఓ.టి. పరీక్ష తప్పనిసరి కాదు. అంటే టెస్టింగ్ టీమ్ లేదన్నమాట, అన్నీ మనమే చూసుకోవాలి.

మొన్న వేసవిలో ఎడమవైపు ముందు చక్రం బాగా వేడెక్కడం మొదలెట్టింది. పెడల్ వదిలినా బ్రేకు పట్టేసే ఉంటోంది. విప్పి చూస్తే తప్పంతా రబ్బరు గొట్టానిది. పైకి నిక్షేపంగా ఉంది, లోపల మాత్రం ఉబ్బి దారి మూసుకుపోయింది. పెడల్ తొక్కిన ఒత్తిడికి ఆయిల్ ముందుకి వెడుతుంది గానీ, వదిలాక వెనక్కి రాదు.

పార్టులు వెతికేటప్పుడు "1972 ఎమ్.జి.బి." అంటే సరిపోదు. ఫ్యాక్టరీవాళ్ళు ఏడాది మధ్యలోనూ మార్పులు చేసేవారు. అందుకే కేటలాగులు ఛాసిస్ నంబరు అడుగుతాయి. నా బండి నంబరు జి.హెచ్.డి.5తో మొదలవుతుంది. జి అంటే ఎమ్.జి., హెచ్ ఇంజను సైజు, డి జి.టి. బాడీ, 5 సిరీస్. మన వెర్షన్ నంబరు లాంటిదే.

తరవాత మరల సంగతి. ఒక దుకాణం నుంచి వచ్చిన పైపు నట్లు 10 మిల్లీమీటర్లవి. నా బండివి 3/8 అంగుళం, అంటే సుమారు 9.5. చూపుకి కవలల్లా ఉంటాయి. బలవంతాన బిగిస్తే మర పాడై ఆయిల్ కారుతుంది. వాటిని తిప్పి పంపేశాను.

"అసలు కంపెనీ డబ్బాలో ఉన్న పాత స్టాకు" అన్న ప్రకటన చూసి మురిసిపోకండి. లోహపు భాగాలకైతే ఫరవాలేదు. రబ్బరు మాత్రం వాడకపోయినా ముసలిదవుతుంది. గొట్టాలు, సీళ్ళు కొత్తగా తయారైనవే కొనాలి, తయారీ తేదీ అడిగి మరీ కొనాలి.

బ్రేకు ఆయిల్‌లో ఇంకో తిరకాసుంది. డాట్ 4, డాట్ 5.1 ఒక కుటుంబం. మధ్యలో ఉన్న డాట్ 5 సిలికాన్‌ది, వాటితో కలపకూడదు. వెర్షన్ నంబర్లని నమ్మి అప్‌గ్రేడ్ చెయ్యడం అలవాటైన మనం ఇక్కడే జాగ్రత్తపడాలి.

గొట్టం ఒకవైపు పాడైనా రెండువైపులా మార్చాను, కాలిపర్ సీళ్ళతో సహా. గాలి తీసి, ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి చూశాక, ఇప్పుడు రెండు చక్రాలూ సమానంగా వేడెక్కుతున్నాయి.