రాగి చెంబు నీళ్ళు ఎవరికి పడవు?

ముందు ఒక అంకె: 0.18 మిల్లీగ్రాములు. రాగి బిందెలో రాత్రంతా నిలవున్న నీళ్ళలోకి లీటరుకు దిగే రాగి సుమారుగా ఇంతే. బెంగళూరు పరిశోధకులు నీళ్ళను 16 గంటలు నిలవ ఉంచి కొలిచి, 2012లో ప్రకటించిన లెక్క ఇది. విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు కూడా ఆ బిందెలో చచ్చాయి. తాగేనీళ్ళలో లీటరుకు 2 మిల్లీగ్రాముల వరకు పర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాబట్టి మామూలు మనిషికి రాగి చెంబుతో తగవేం లేదు.

తగవంతా సుమారు 30,000 మందిలో ఒకరికి వచ్చే విల్సన్ జబ్బుతోనే. మనం తిండితో రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల రాగి తింటాం. అవసరానికి మించినదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి తోసేస్తుంది. ఆ పని చేయించే జన్యువు పేరు ఏటీపీ7బీ. 13వ క్రోమోజోములో ఉంటుందని 1993లో కనుక్కున్నారు. అది చెడితే రాగి ముందు కాలేయంలో, తర్వాత మెదడులో పేరుకుంటుంది. ఈ జబ్బును 1912లో వివరంగా రాసిన డాక్టరు పేరే దానికి పెట్టారు.

2011 జనాభా లెక్కల్లో కడప జిల్లా జనం 28.8 లక్షలు. 30,000కు ఒకరి లెక్కన జిల్లా మొత్తమ్మీద ఈ రోగులు 96 మంది ఉండాలి. అయితే మన దగ్గర ఈ లెక్క నిలవదు, కారణం మేనరికాలు. చెడిన జన్యువు ఒక్కటే ఉన్నవాళ్ళు 90 మందిలో ఒకరు. వాళ్ళకు ఏ జబ్బూ ఉండదు. తల్లీ తండ్రీ ఇద్దరూ అలాంటివాళ్ళయితేనే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు ప్రమాదం. బంధుత్వం లేని జంటలో ఇద్దరూ అలాంటివాళ్ళే అయి జబ్బు బిడ్డ పుట్టే అవకాశం 32,400లో ఒకటి. మేనత్త కొడుకునో మేనమామ కూతురినో చేసుకుంటే అది 2,700లో ఒకటి దాకా వస్తుంది. అక్క కూతురిని చేసుకుంటే 1,400లో ఒకటి. రాష్ట్రంలో సుమారు నాలుగో వంతు పెళ్ళిళ్ళు రక్తసంబంధీకుల మధ్యే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. కమలాపురం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు మూడు దశాబ్దాల్లో చూసిన 282 మంది విల్సన్ రోగుల వివరాలు 2007లో అచ్చేశారు. సగానికి పైగా మేనరికపు సంతానం. 195 మందిలో జబ్బు నరాల లక్షణాలతోనే బయటపడింది. మొదలైన వయసు సగటున 16 ఏళ్ళు, అంటే పదో తరగతి, ఇంటర్ పిల్లలు. చేతిరాత కోడిగీతలవుతుంది, మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది, చెయ్యి వణుకుతుంది. బడిలో సోమరితనం అంటారు, ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కడతారు. కామెర్లతో మొదలైతే పసరు పోయిస్తారు. మామూలు కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు పోతుంది. విల్సన్ కామెర్లకు పసరు చేసేదేమీ లేదు, కాలేయానికి మిగిలిన టైము ఖర్చయిపోవడం తప్ప.

పట్టుకోవడం మాత్రం అంత కష్టం కాదు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో చూస్తే నల్లగుడ్డు అంచున ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు వలయం కనిపిస్తుంది. నిమ్హాన్స్‌లో నరాల లక్షణాలున్న రోగులందరికీ అది ఉంది. రక్తంలో సెరులోప్లాస్మిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉండటం, 24 గంటల మూత్రంలో రాగి 100 మైక్రోగ్రాములు దాటడం మిగతా గుర్తులు.

ఇక ప్రకృతి వైద్యం సంగతి. ఈ జబ్బున్న ఇంట్లో రాగి చెంబు, రాగి బిందె, నీళ్ళలో రాగి కలుపుతామని అమ్మే ఫిల్టర్లు పక్కన పెట్టాల్సిందే. రోజుకు మూడు లీటర్లు తాగితే అర మిల్లీగ్రాము అదనం. మజ్జిగ, చింతపండు పులుసు పోస్తే ఇంకా ఎక్కువ దిగుతుంది. మన పెద్దవాళ్ళు ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించింది ఊరికే కాదు. అంతకన్నా పెద్ద ప్రమాదం మందుల డబ్బాలో ఉంది. కాలేయానికి మంచిదని వాడే ఆయుర్వేద మాత్ర ఆరోగ్యవర్ధినిలో తామ్ర భస్మం కలుస్తుంది. తామ్రమంటే రాగే. డబ్బా మీద రాసిన దినుసులు చదవకుండా ఈ రోగికి ఏదీ ఇవ్వకూడదు.

తిండిలో మానాల్సినవి కొన్నే: కార్జం, పీతలు, పుట్టగొడుగులు, చాక్లెట్, జీడిపప్పు, నువ్వులు. చెనిక్కాయల ఊరిబిండి కొంచెంగా సరిపెట్టుకోవాలి. అన్నం, పెరుగు, ఆకుకూరలకు అడ్డు లేదు. శాకాహారంలో రాగి ఒంటికి తక్కువగా పడుతుందని అమెరికాలో డాక్టర్ బ్రూయర్ బృందం 1993లో రాసింది. అయినా పథ్యం ఒక్కటే చాలదు.

సహజమైనదే కావాలంటే జింక్ ఉంది. పేగులోనే రాగిని పట్టి ఆపేస్తుంది. 1997లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని ఆమోదించింది. పెద్దవాళ్ళకు మామూలు మోతాదు 50 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, తిండికీ టీకీ గంటైనా ఎడంగా. ఇక్కడొక చిక్కుంది. జింక్ సల్ఫేట్ 220 మిల్లీగ్రాములు అని రాసిన మాత్రలో అసలు జింక్ 50 మాత్రమే. మెడికల్ షాపులో మీకు మీరే అడిగి తెచ్చుకునే మందు కాదిది. పైగా పనిచేయడానికి నెలలు పడుతుంది. లక్షణాలు మొదలైనవాళ్ళకు డాక్టర్లు సాధారణంగా ముందు 1956 నుంచి వాడుకలో ఉన్న పెనిసిల్లమిన్ వంటివి ఇస్తారు. కొందరికి మొదట్లో వణుకు పెరుగుతుంది. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి తప్ప పసరు దగ్గరికి కాదు. ఫిజియోథెరపీ, మాట సాధన, తేలికపాటి యోగా మందుకు తోడుగా మేలు చేస్తాయి.

మందు జీవితాంతం వేసుకోవాలి. బాగుందని ఆపేస్తే కాలేయం చేతులెత్తేసి ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లోనో బంధువుల్లోనో ఒక బిడ్డకు ఈ జబ్బని తేలితే, బాగానే ఉన్నట్టు కనిపించే ఆ బిడ్డ అక్కచెల్లెళ్ళనూ అన్నదమ్ములనూ కూడా పరీక్షకు తీసుకెళ్ళండి. వాళ్ళల్లో ఒక్కొక్కరికీ ప్రమాదం నాలుగింట ఒకటి. లక్షణాలు రాకముందే పట్టుకుంటే చాలామందిని జింక్‌తోనే నెట్టుకురావచ్చు.