ఐబీడీ: పేగుల్లో మంట ఎందుకు ఆరదు? ఆ ఇంజెక్షన్లకు ముందు టీబీ టెస్ట్ ఎందుకు చేస్తారంటే..

వారాల తరబడి విరేచనాలు, మలంలో రక్తం, కడుపునొప్పి, బరువు తగ్గిపోవడం.. ఇలా ఉంటే చాలామంది మొలలనో, బయటి తిండి పడలేదనో అనుకుంటారు. కానీ కొందరిలో ఇది ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, అంటే ఐబీడీ కావచ్చు. ఇందులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. పెద్దపేగు లోపలి పొరలో వచ్చేది అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా వచ్చి, పేగు గోడ లోతుల్లోకి వెళ్లేది క్రోన్స్ వ్యాధి. రెండింట్లోనూ పేగును దెబ్బతీసేది మన ఇమ్యూనిటీయే. దాన్ని ఉసిగొల్పేవి సైటోకైన్లు అనే చిన్న ప్రోటీన్లు.

అసలేంటీ సైటోకైన్లు?

రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లే సైటోకైన్లు. కాలికి ముల్లు గుచ్చుకుంటే అక్కడ ఎర్రబడి, వాచి, వేడెక్కుతుంది కదా.. అది వీటి పనే. పని పూర్తయ్యాక 'ఇక చాలు' అని చెప్పే సైటోకైన్లు కూడా ఉంటాయి. వాటిలో ముఖ్యమైంది ఐఎల్-10. ఈ కబురును అందుకునే రిసెప్టర్ జన్యువుల్లో లోపంతో పుట్టిన పిల్లలకు పసితనంలోనే తీవ్రమైన ఐబీడీ వస్తున్నట్లు 2009లో శాస్త్రవేత్తలు గుర్తించారు. అంటే మంట పెట్టే కబురు ఎంత ముఖ్యమో, ఆపే కబురు కూడా అంతే ముఖ్యం.

పేగుల్లో ఏం జరుగుతుంది?

మన పేగుల్లో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. మామూలుగా ఇమ్యూనిటీ వాటి జోలికి వెళ్లదు. జన్యువులు, పేగు బ్యాక్టీరియాలో మార్పులు, జీవనశైలి లాంటివి కలిసినప్పుడు కొందరిలో ఈ సర్దుబాటు చెడిపోతుంది. అప్పుడు టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్ మరిన్ని రక్షణ కణాలను అక్కడికి పిలుస్తుంది. పేగు పొర దెబ్బతింటుంది. ఆ సందుల్లోంచి బ్యాక్టీరియా లోపలికి చొరబడితే మళ్లీ టీఎన్‌ఎఫ్ పెరుగుతుంది. ఐఎల్-23 ఈ మంటను ఆరనివ్వదు. ఐఎల్-6 కబురు అందుకున్న కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్ తయారుచేస్తుంది. డాక్టర్లు రాసే సీఆర్‌పీ రక్తపరీక్షలో చూసేది దీన్నే. అయితే సీఆర్‌పీ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన ఐబీడీ లేదని చెప్పలేం.

మందులు ఎలా పనిచేస్తాయి?

ఆ కబురు అందకుండా మధ్యలోనే పట్టుకోవడమే కొత్త మందుల పని. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు 1998లో అమెరికాలో క్రోన్స్ వ్యాధి కోసం అనుమతి వచ్చింది. తర్వాత అడాలిముమాబ్ వచ్చింది. ఐఎల్-12, ఐఎల్-23 రెండింటినీ అడ్డుకునే ఉస్టెకినుమాబ్‌కు 2016లో అనుమతి లభించింది. కణం లోపల సిగ్నల్‌ను ఆపే టోఫాసిటినిబ్ మాత్రను 2018లో అల్సరేటివ్ కొలైటిస్‌కు అనుమతించారు.

అలాగని ఏ కబురునైనా ఆపేస్తే సరిపోదు. సోరియాసిస్‌లో బాగా పనిచేసే సెకుకినుమాబ్ ఐఎల్-17ను అడ్డుకుంటుంది. దాన్ని క్రోన్స్ రోగులపై పరీక్షిస్తే ప్రయోజనం కనిపించలేదు సరికదా, కొందరిలో జబ్బు ఇంకా ముదిరింది. పేగు పొరను కాపాడటంలో ఐఎల్-17కు కూడా పాత్ర ఉండటమే ఇందుకు కారణమని నిపుణులు భావిస్తున్నారు.

టీబీ టెస్ట్ ఎందుకు?

మన దేశంలో అసలు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. ప్రపంచంలో టీబీ కేసులు ఎక్కువగా ఉన్నది భారత్‌లోనే. చాలామందిలో టీబీ క్రిమి ఏ లక్షణాలూ లేకుండా నిద్రాణంగా ఉంటుంది. దాని చుట్టూ కణాలు గోడలా నిలబడి బయటికి రాకుండా చూస్తాయి. ఆ గోడ గట్టిగా ఉండాలంటే టీఎన్‌ఎఫ్ కావాలి. పేగును కాల్చేదీ అదే, టీబీని కట్టడి చేసేదీ అదే! అందుకే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లకు ముందు ఛాతీ ఎక్స్‌రేతో పాటు మాంటూ లేదా ఇగ్రా టెస్ట్ చేస్తారు. నిద్రాణ టీబీ ఉందని తేలితే ముందు దానికి చికిత్స మొదలుపెడతారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పేగు టీబీ, క్రోన్స్ వ్యాధి కొలనోస్కోపీలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. టీబీని క్రోన్స్ అని పొరబడి ఇమ్యూనిటీని తగ్గించే మందులు ఇస్తే ప్రాణం మీదకు రావచ్చు. అందుకే బయాప్సీ లాంటి పరీక్షలు డాక్టర్ చెబితే ఖర్చు అనో, భయం అనో వాయిదా వేయొద్దు.

ఇవి గుర్తుంచుకోండి

* నొప్పి తగ్గిందని మందు మధ్యలో ఆపొద్దు. లక్షణాలు పోయినా లోపల మంట మిగిలి ఉండొచ్చు.
* ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటివి ఆపుతూ వాడుతూ ఉంటే శరీరం వాటిపైనే యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. అప్పుడు మందు పనిచేయదు.
* మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్లు వాడొద్దు.
* చికిత్సలో ఉండగా సాయంత్రం పూట జ్వరం, తగ్గని దగ్గు, రాత్రి చెమటలు ఉంటే వెంటనే డాక్టర్‌కు చెప్పండి.
* ఏ టీకా అయినా వేయించుకునే ముందు మీరు వాడుతున్న మందు పేరు చెప్పండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. పరీక్షలు, మందుల విషయంలో గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ సలహా తీసుకోండి.